చాటెడు తవుడు

సింధూజ కుడిచేత్తో రాట్నం తిప్పుతూ ఎడమచేత్తో కండెకు నూలు పట్టిస్తోంది. గోడకు ఆనించిన ఫోన్‌లో, మస్కట్ నుంచి భర్త రాంచందర్ గొంతు.

"రెండు ఇండ్లు సూసిన. ఒకటి బడి పక్కనే, నాలుగో అంతస్తు. ఇంకోటి కింది ఇల్లు, ముందర జర జాగ ఉన్నది. బడికి మాత్రం బస్సెక్కాలె. పొద్దుగూకేలోపు ఏదో ఒకటి చెప్పు."

"నాలుగో అంతస్తుల కిటికీలకు సలాకులున్నయా, అడుగు."

సింధూజ ఉలిక్కిపడింది. మంత్రసాని నాగులమ్మ! రమ్మని కబురు పెట్టింది తనే. అయినా అడుగుల చప్పుడు వినబడనే లేదు. వెనకాలే ఆమె కూతురు కోమల లోపలికి వచ్చి గోడకు ఒదిగి నిలబడింది.

నూలు తెగింది. "మళ్ల చేస్త" అని సింధూజ ఫోన్ పెట్టేసింది.

"బస్సుల పిల్లలను ఎక్కించి దించెటానికి మనిషి ఉంటదా?" కూర్చుంటూ అడిగింది నాగులమ్మ.

"ఉంటదంట."

"అన్నం బడిలనేనా?"

"డబ్బా కట్టియ్యాలె. ఏందవ్వా, వీసా నీకే వచ్చినట్టు గిన్ని ఆరాలు తీస్తున్నవ్!"

నాగులమ్మ నవ్వలేదు. కోమల కళ్లు, వాకిట్లో తొక్కుడుబిళ్ల ఆడుతున్న సింధూజ కూతురు, ఎనిమిదేళ్ల మంజులత మీదే ఉన్నాయి. రెప్ప కొట్టడం లేదు.

ఆ చూపంటేనే సింధూజకు భయం. మంజులత పుట్టడానికి ముందురోజే, మొగుడు వదిలేసి పోయిన కోమలకూ ఆడపిల్ల పుట్టింది. దక్కలేదన్నారు. అప్పటి నుంచి ఆమెకు మాటలు తగ్గిపోయాయి. బడి ముందు, బోరింగు దగ్గర, ఎక్కడ చూసినా మంజులతకు పది అడుగుల దూరంలో నిలబడి ఉంటుంది. దగ్గరికి రాదు. పిల్లకు జ్వరం వస్తే మాత్రం, ఎవరూ చెప్పకపోయినా తెల్లవారేసరికి వాకిట్లో ఉంటుంది.

అందుకే ప్రయాణానికి ముందే మిగిలిపోయిన పని ముగించాలనుకుంది సింధూజ. మంజులత కంటే ముందు ఇద్దరు పిల్లలు పురిట్లోనే పోయారు. మూడో బిడ్డ అయినా చావు కంట పడకూడదని, పుట్టగానే అత్త చాటలో పెట్టి పెంటకుప్ప మీద ఉంచింది. అలా పారేసిన బిడ్డను పరాయి మనిషి ఎత్తుకుపోవాలి. ఎత్తుకునేటప్పుడు ఇంటివాళ్లు చూడకూడదు. ఆ తర్వాత తవుడు ఇచ్చి కొనుక్కోవాలి. ఆ పొద్దున నాగులమ్మ ఎత్తుకుపోయింది. కాసేపటికి తెచ్చి, తెలివి లేకుండా పడివున్న సింధూజ పక్కలో పడుకోబెట్టింది. అంతలో 108 వచ్చింది, అందరూ దవాఖానకు పరుగెత్తారు. తవుడు సంగతి మరిచేపోయారు.

"కొనని బిడ్డను సముద్రం దాటిస్తరా?" అని అత్త నిన్న అన్నది మొదలు సింధూజకు ముద్ద దిగడం లేదు.

లోపలికి వెళ్లి చాట నిండా తవుడు తెచ్చి నాగులమ్మ ముందు పెట్టింది.

"తీసుకో అవ్వా. ఇయ్యాళ్టితోని నా బిడ్డ నాదైతది."

నాగులమ్మ ముట్టలేదు. "ఏ ఇల్లు తీసుకుంటున్నరు?"

"ముందు తవుడు తీసుకో."

"ఏ ఇల్లో చెప్పు."

సింధూజ చాటను ఇంకా ముందుకు జరిపింది. "నువ్వే చెప్పు. ఏది తీసుకోమంటే గదే తీసుకుంటం. నా బిడ్డ మీదికెళ్లి కోమల సూపు మాత్రం తీయించు."

నాగులమ్మ కూతురి వైపు తిరిగింది. కోమల వాకిట్లోకే చూసి, నేలకేసి వేలు చూపింది.

"కింది ఇల్లు తీసుకోండ్రి," అంది నాగులమ్మ. "పిల్ల ఆడుకుంటది."

"సరే. ఇగ తీసుకో."

"తవుడు నేనెట్ల తీసుకుంట సింధూజమ్మా?" ముసలామె గొంతు గుసగుసగా మారింది. "ఆ పొద్దున నేనొచ్చేసరికే కుప్ప మీద నీ బిడ్డ సల్లబడి ఉండె."

సింధూజ మెల్లగా తల తిప్పి వాకిట్లోకి చూసింది. ఎండలో మంజులత ఒంటికాలి మీద గెంతుతూ లెక్కపెడుతోంది. ఒకటి, రెండు, మూడు.

"మరి... గా ఆడేది ఎవరు?"

నాగులమ్మ తవుడు చాటను సింధూజ వైపే నెట్టింది.

కన్నతల్లి కోమల గడప దాటి వాకిట్లోకి దిగింది.