యంత్రానికి సీల

పిడి ఒక్క చుట్టు తిరిగి ఠక్కుమని ఆగిపోయింది. లోపల తుమ్మ సీల రెండు ముక్కలైంది.

"ఇది మూడోది," అన్నాడు బసవన్న మేస్త్రి. "ఆఫీసరు సారు బండి దొడ్లో నిలిపి, వాకిట్లో కాఫీ తాగతాండాడు. లోటా కింద పెడితే లోపలికొస్తాడు. ఏం చూపిస్తావప్పా?"

మద్దిలేటి విరిగిన ముక్కలు లాగి కింద పడేశాడు. మగ్గం వదిలి మైదుకూరు వడ్రంగి కొట్టంలో చేరిన ఏడాదికి ఉలి, బాడిస, బరమా అతని మాట వింటున్నాయి. చెనక్కాయలు వొలిచే ఈ యంత్రపు నమూనా తానే గీశాడు, తానే చెక్కాడు. అది ఇప్పుడు ఆడితే కర్నూలు వర్క్‌షాపులో పని. ఆడకపోతే మళ్లీ మగ్గం గుంటలోకి కాళ్లు.

"వేపది పెడితివి, ఇరిగె. టేకుది పెడితివి, ఇరిగె. తుమ్మ చేవా పాయె. ఇంక నా ముంజేయి పెడతావా?"

"కొయ్య ఆగదు మేస్త్రీ. ఇనుముది కావల్ల."

"కమ్మరి గోపన్న రాయచోటికి పెండ్లికి పోయినాడు. ఇనుము ఈడ మొలుస్తాదా?"

మద్దిలేటి దొడ్డిదారిన బయటికి పరుగెత్తాడు. మేస్త్రి కొయ్యముక్కలు ఏరడం పూర్తికాకముందే తిరిగొచ్చాడు. చేతిలో జానెడు ఇనుప సీల. రెండు సుత్తి దెబ్బలకు అది తన కోసమే చేసిన చోటులో కూర్చున్నట్టు కూర్చుంది.

ఆఫీసరు వచ్చి నాలుగు దోసిళ్లు పోసి, పిడి తానే తిప్పాడు. పప్పులు తలంబ్రాల్లా ఒకవైపు రాలాయి. పొట్టు ఎగిరెగిరి ఆయన కళ్లజోడు మీద, మీసాల మీద వాలింది. తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదాయనకు.

"ఒక్క పప్పన్నా పగల్లేదు," అన్నాడు. "దీన్ని నాతోనే తీసుకుపోతా. సోమవారం నువ్వు కర్నూలుకు వచ్చేయ్."

నమూనాను గోనెపట్టలో చుట్టి బండి మీద పెట్టారు. పక్కనే ఆఫీసరు దాన్ని పసిబిడ్డలా పట్టుకుని కూర్చున్నాడు. ఎద్దులు కదిలాయి.

మేస్త్రి మద్దిలేటి భుజం చరిచాడు. "పరువు నిలబెట్టినావు. ఆ సీల యాడిదప్పా?"

"మా నేతగాళ్ల ఇండ్లల్లో మామూలే గదా మేస్త్రీ. ఆడే మగ్గానికి సీల ఇరిగితే, ఊరకే నిలబడిన మగ్గంది పీకి పెట్టుకుంటాం."

"ఈడ మగ్గం యాడుండాది?"

మద్దిలేటి నవ్వబోయి ఆగాడు. దూరంగా వంకలోకి దిగుతున్న బండి చక్రాన్నే చూస్తున్నాడు.

"అప్పుడది నిలబడే ఉన్నింది మేస్త్రీ."