తెల్లకొండా? గద్దముక్కా?

"తెల్లకొండకు మాత్రం వెళ్లకండి," అన్నాడు కౌంటర్ వెనక గుమాస్తా.

పొద్దుట్నుంచి అతను ఈ మాట అనడం ఇది నాలుగోసారి. ఆ టూర్ల ఆఫీసులో చేరి మూడు వారాలు కూడా కాలేదు. కూర్చున్న కొమ్మను ఇంత శ్రద్ధగా నరుక్కునే మనిషిని ఆ ఆఫీసు ఇంతకుముందు చూడలేదు.

ఎదురుగా భార్యాభర్తలు, మధ్యలో ఏడేళ్ల పాప. భర్త కళ్లజోడు ముక్కు మీదికి జార్చి రెండు బ్రోచర్లూ పక్కపక్కన పెట్టుకుని చూస్తున్నాడు. ఒకటి తెల్లకొండ, ఒకటి గద్దముక్కు. రెండింట్లోనూ మంచుంది, స్కీయింగ్ ఉంది, ఎర్రటోపీలు పెట్టుకుని పళ్లన్నీ బయటపెట్టిన మనుషులున్నారు. పాప పుట్టాక వాళ్లు వెళ్లబోతున్న మొదటి విహారయాత్ర ఇదే.

"ఏం, తెల్లకొండకేమైంది?" అన్నాడు భర్త.

"మంచు తక్కువండీ."

"నాలుగడుగులని రాశారే?"

"గదుల్లో వేణ్ణీళ్లు రావండీ."

"మా అక్కవాళ్లు పోయినేడు అక్కడే దిగారు. నీళ్లు చెయ్యి కాలేంత వేడిగా ఉన్నాయంది," అంది భార్య.

"పోయినేడు బాగానే ఉండేదమ్మా. ఈ ఏడే..." అని ఆగిపోయాడు.

అద్దాల గదిలోంచి మేనేజరు తలెత్తి చూశాడు. పొద్దున్నే చెప్పాడాయన, కుండ బద్దలు కొట్టినట్టు. తెల్లకొండవాళ్ల వల్లే ఈ ఆఫీసు నడుస్తోంది. ఇంకొక్కరిని దారి మళ్లించావంటే నీ క్యారేజీ తీసుకుని ఇంటికెళ్లిపో. ఇంటి దగ్గర భార్య గుమ్మంలో నిలబడి ఇంకో మాట చెప్పింది. "ఈసారైనా ఒకచోట కుదురుగా ఉండండి. మీకు పుణ్యముంటుంది."

ఉండాలనే అతనికీ ఉంది.

కౌంటర్ మీద తెల్లకొండవాళ్లు ఇచ్చిన బొమ్మ లిఫ్టు ఉంది, అక్కడ మనుషుల్ని కొండెక్కించే కుర్చీల లిఫ్టుకు నకలు. రెండు పుల్లల మధ్య ఒక దారం, దారానికి అగ్గిపెట్టెలంత కుర్చీలు, పక్కన చిన్న పిడి. పాప పిడి తిప్పింది. కుర్చీలు ఊగుతూ పైకి బయలుదేరాయి.

గుమాస్తా చటుక్కున దారాన్ని పిడికిట్లో పట్టేశాడు. ఆ వేళ్లు పెన్ను పట్టుకోవడానికి పుట్టినవి కావు. గోళ్ల సందుల్లో నలుపు ఎన్నిసార్లు కడిగినా పోయేది కాదు.

"తిప్పకు తల్లీ," అన్నాడు.

పాప బెదిరి తల్లి పక్కకు జరిగింది. "అమ్మా, నాకు కుర్చీల కొండే కావాలి."

"గద్దముక్కులో కుర్చీలుండవా?" అంది తల్లి.

"ఉండవమ్మా. బండి మీద తీసుకెళ్తారు. నేల మీదే వెళ్తుంది. హాయిగా ఉంటుంది."

ఆవిడ అతని ముఖంలోకి చూసింది. చలికాలమైనా అతని నుదురు తడిగా ఉంది.

"అసలు మీ బాధేంటండీ? ఆ లిఫ్టు గురించి ఏమన్నా తెలుసా? ఉన్నదున్నట్టు చెప్పండి."

అతను నోరు తెరిచాడు. మింగలేడు, కక్కలేడు. చెబితే ఏమవుతుందో అతనికి బాగా తెలుసు. చెప్పకపోతే ఏమవుతుందో తెలియదు. ఆ తెలియకపోవడమే మూడు వారాలుగా అతన్ని తినేస్తోంది. ముద్ద దిగడం లేదు, కన్ను మూతపడడం లేదు.

"గద్దముక్కుకే వెళ్లండమ్మా," అన్నాడు చివరికి. "మీ కాళ్లు పట్టుకుంటాను."

అక్కడే చెడింది. ఒక మంచుకొండ కోసం కాళ్లు పట్టుకుంటానన్న గుమాస్తాను ఎవరు నమ్ముతారు?

భర్త కళ్లజోడు పైకి తోసి నవ్వాడు. "గద్దముక్కువాళ్లు కమీషన్ గట్టిగానే ఇస్తున్నట్టున్నారు."

"తప్పు చేసినవాడి ముఖం చూస్తే తెలియదూ!" అన్నాడు అప్పటికే వెనకాల వచ్చి నిలబడ్డ మేనేజరు.

గుమాస్తా ముఖం పాలిపోయింది. గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకున్నట్టయింది. మేనేజరుకు ఇక వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

"లే. లేచి అవతల నిలబడు."

లేచి గోడ పక్కన నిలబడ్డాడు. మేనేజరు ఆ కుర్చీలో సర్దుకుని కూర్చుని తెల్లకొండ బ్రోచరు చివరి పేజీ తిప్పాడు.

"అమ్మా, మీ అనుమానం న్యాయమైనదే. ఇదిగోండి, లిఫ్టు తనిఖీ పత్రం. దాచుకోవాల్సిందేమీ లేదు కాబట్టే అచ్చేశారు. వినండి." వేలు పెట్టి చదివాడు. "ఈ సీజను మొదలయ్యే ముందు పద్నాలుగు స్తంభాలూ స్వయంగా ఎక్కాను. ప్రతి బోల్టునూ చేత్తో బిగించి చూశాను. తాడంతా తడిమి చూశాను. పిల్లలతో సహా అందరూ నిర్భయంగా ఎక్కవచ్చు."

ఆవిడ హమ్మయ్య అనుకుంది. "ఇంత చక్కగా రాసిచ్చాక ఇంకేం కావాలండీ?"

"వద్దండీ," అన్నాడు గోడ దగ్గరి మనిషి. అది అతనికే సరిగ్గా వినపడలేదు.

భర్త ఫారం నింపాడు. ముగ్గురికి, తెల్లకొండ, రేపు పొద్దున బస్సు. పాప మళ్లీ పిడి తిప్పింది. ఈసారి దారం పట్టుకునేవాళ్లు లేకపోవడంతో కుర్చీలు చివరిదాకా వెళ్లాయి.

"నువ్వింకా ఇక్కడే ఉన్నావా?" అన్నాడు మేనేజరు తల తిప్పకుండానే.

అతను క్యారేజీ తీసుకున్నాడు. తలుపు దగ్గర ఒకసారి ఆగాడు. పాపకు బెదురు తీరినట్టుంది, చెయ్యూపింది.

"టాటా అంకుల్!"

మేనేజరు చదవకుండా వదిలేసిన ఆ పత్రం అడుగున ఉన్న సంతకం, తెల్లకొండలో లిఫ్టు మెకానిక్కుగా తన చివరి రోజున, మంచుగాలికి వేళ్లు కొంకర్లు పోయి మిగతా రెండూ ఎక్కకుండా పన్నెండో స్తంభం నుంచే కిందికి దిగొచ్చేసి, ఈ గుమాస్తా తన చేత్తో పెట్టింది.