వచ్చేవారం మారుస్తాలే

"అన్నా, మళ్లీ ఆగిపోయింది."

ఫోన్‌లో తమ్ముడి గొంతు వినగానే మెకానిక్ దాన్ని చెవికి గట్టిగా అదుముకున్నాడు. వాడు అవతలి ఒడ్డున బయల్దేరి గంటన్నర అయింది. ఈపాటికి వచ్చేయాల్సినవాడు. ఏటి నడిమధ్యన, మోటారు ఆగిన పడవలో ఉన్నాడు.

"కంగారుపడకు. లంగరు వేశావా?"

"వేశా. పట్టింది. కానీ లాగుడు మామూలుగా లేదన్నా."

డాబా మీద మెకానిక్ చుట్టూ ఇంటిల్లిపాదీ చేరారు. భార్య పాపను భుజానికెత్తుకుని ఉంది. తల్లి పిట్టగోడ మీద కూర్చుని కొడుకు మొహంలోకే చూస్తోంది. పొద్దుటి నుంచి కరెంటు లేదు. ఫోన్‌లో చార్జింగ్ పదకొండు శాతం దగ్గరుంది.

"ఆగే ముందు కీచుమని అరిచిందా?"

"అరిచింది. ఆవిరి కూడా వస్తోంది."

"వేడెక్కింది. వెనకనుంచి నీళ్ల ధార పడుతోందా?"

"ఏ ధార?"

"ఉచ్చ పోస్తోందా లేదా అని అడుగుతున్నాన్రా!"

"ఇప్పుడు కూడా ఆ మాటలేంట్రా," అంది తల్లి.

పడవ మోటారు కిందినుంచి నీళ్లు పీల్చుకుని, ఒళ్లు చల్లార్చుకుని, వెనకనుంచి సన్నగా వదిలేస్తుంది. మెకానిక్ షాపులో ఆ ధారకి ఇంకో పేరు లేదు. అది ఆగిందంటే మోటారుకి జ్వరం వచ్చినట్టే.

"చుక్క లేదన్నా."

"మోటారు పైకి లేపు. కింద జల్లెడలా కన్నాలుంటాయి, చూడు."

ఫోన్‌లో తమ్ముడి రొప్పు వినపడింది.

"గడ్డి. ప్లాస్టిక్ కవరు. ఎవరిదో చీర ముక్క."

"అంతా లాగి పారెయ్. ధార వచ్చే కన్నంలో సన్నతీగ పెట్టి పొడువు. ఇప్పుడు తాడు లాగు."

మూడోసారికి మోటారు అందుకుంది. ఆ చప్పుడు ఫోన్‌లోంచి వినపడగానే భార్య ఏడుస్తూ నవ్వేసింది. పాప ఫోన్ దగ్గరికి వంగింది.

"బాబాయ్, బిస్కెట్లు తెస్తున్నావా?"

"రెండు ప్యాకెట్లు తెస్తున్నా బంగారం."

మూడో నిమిషంలో మోటారు రెండుసార్లు దగ్గి ఊరుకుంది.

"ఈసారి అరవలేదన్నా. ఊరికే చచ్చిపోయింది."

"పెట్రోలు పైపు మధ్యలో రబ్బరు బుడ్డి ఎలా ఉంది?"

"అతుక్కుపోయి ఉంది."

"ట్యాంకు మూత మీద గాలి మర బిగించేశావు కదూ?"

"ఛ! వాన నీళ్లు పోతాయని బిగించా."

"గాలి ఆడకపోతే పెట్రోలు ఎలా వస్తుందిరా, నీ మొహం! వదులు చెయ్. బుడ్డి గట్టిపడేదాకా నొక్కు."

మోటారు మళ్లీ అందుకుంది. మెకానిక్ కళ్లు మూసుకుని ఆ చప్పుడే వింటున్నాడు. చప్పుడు బాగానే ఉంది. అంతలో కీచుమని అరుపు.

"అన్నా, ధార ఆగిపోయింది. మళ్లీ ఆవిరి."

రోగం ఏమిటో మెకానిక్‌కి ఇప్పుడు తెలిసిపోయింది. అసలు నెలకిందటే తెలుసు. మోటారులో నీళ్లు తోడే రబ్బరు చక్రానికి ఆరు రెక్కలు. మూడు అరిగిపోయాయి. స్వయంగా విప్పి చూసి, మళ్లీ అదే పెట్టి బిగించాడు. "వచ్చేవారం మారుస్తాలే" అన్నాడు. నాలుగు వారాలు అదే పాట పాడాడు. ఊరందరి మోటార్లూ చెప్పిన రోజుకి ఇచ్చేవాడే. తమ్ముడే కదా, ఎవరు అడగొచ్చారు? కొత్త చక్రం కింద షాపులో, రెండో అరలో, కవరు కూడా విప్పకుండా ఉంది. అది తలుచుకుంటే తన చెంపలు తనే వాయించుకోవాలనిపించింది.

"ఇంకో పడవ ఏదీ లేదట్రా?"

"ఒక్కటీ లేదన్నా. అన్నీ తలో దిక్కూ పోయాయి."

తల్లి చెయ్యి చాచి మెకానిక్ చొక్కా పట్టుకుంది. "వాణ్ణి బయల్దేరిన ఒడ్డుకే వెళ్లిపొమ్మనరా. రావద్దను."

"అమ్మని ఊరుకోమను," అన్నాడు తమ్ముడు. "నేను వస్తున్నా."

వెళ్లిపోరా అని ఆ క్షణంలో మెకానిక్ అనాలి. పెద్దవాడుగా అనాల్సిన మాట అదే. నోటిదాకా వచ్చింది. భార్య వైపు చూశాడు. పాప వైపు చూశాడు. మాట మింగేశాడు. ఇంత సిగ్గుపడ్డ రోజు అతని జన్మలో లేదు.

"చెప్పింది జాగ్రత్తగా విను. పైమూత తీసి, గుడ్డ తడిపి మోటారు మీద వెయ్. ప్లగ్గుల మీద చుక్క పడకూడదు. చల్లారాక స్టార్ట్ చెయ్. ఐదు నిమిషాలు మెల్లగా నడుపు. లంగరు వేసి ఆపు. మళ్లీ చల్లార్చు. తొందరపడి రేజ్ చేశావో, బిగుసుకుపోతుంది. ఇక దాన్ని ఎవడూ కదిలించలేడు."

"అలాగైతే ఇంకో గంట పైనే పడుతుందన్నా."

"పడనీ."

"ఏమంటున్నాడండీ?" భార్య అడిగింది.

"వస్తున్నాడు."

"నిజంగానా?"

మెకానిక్ తలూపాడు. ఫోన్‌లో తడిగుడ్డ సుయ్యిమన్న చప్పుడు. తమ్ముడి దగ్గు. తర్వాత, చిన్నప్పుడు తప్పు చేసి వచ్చినప్పటిలాంటి గొంతు.

"గంటేగా అన్నా. ఉంటారుగా?"

అంతలోనే ఫోన్ ఆరిపోయింది.

మెకానిక్ దాన్ని జేబులో వేసుకుని, తల్లిని రెండు చేతులా ఎత్తి నీళ్ల ట్యాంకు మీద కూర్చోబెట్టాడు. డాబా మీదికెక్కిన వరద అప్పటికే అతని మోకాళ్లు దాటింది.