ఉక్కు భూతం నోరు విప్పదు

"దీనికి టికెట్ కొట్టాల్నా, లగేజి రాయాల్నా?" అనడిగాడు కండక్టర్.

ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి పోయే పొద్దటి బస్సులో ఇద్దరు మనుషుల జాగా ఆక్రమించి నిలబడి ఉంది ఉక్కు భూతం. నెత్తి నుంచి పాదాల దాకా అంతా రేకే. కళ్ళున్నచోట మాత్రం రెండు జల్లెడ ముక్కలు.

"మనిషే అన్నా, టికెట్ కొట్టు. లోపట మా బషీర్ ఉన్నడు," అన్నాడు సలీమ్.

"ఏదీ, ఒక మాట మాట్లాడమను."

"మాట్లాడొద్దు. మాట్లాడితే పోటీల నుంచి తీసేస్తరు."

ఆదివారం పొద్దున టీవీలో వచ్చే జపాన్ బొమ్మల సీరియల్ అంటే పడిచచ్చేవాళ్ళకు ఆ రోజు కామారెడ్డిలో పెద్ద మేళా. ఎవరికి నచ్చిన వేషం వాళ్ళు కట్టుకుని రావాలి. ఇల్లు వదిలినప్పటి నుంచి బహుమతి చేతికొచ్చేదాకా ఆ పాత్రలాగే మసలాలి. సీరియల్‌లో ఉక్కు భూతం మూగది. దాని వేషగాడికి తలాడించడం తప్ప వేరే దారి లేదు.

ఆ రేకు వేషం చేసింది బషీర్ తండ్రి యాకూబు. చిల్లులు పడ్డ డబ్బాలకు మాట్లు వేసే పనివాడు. "పనికిమాలిన ఏశాలు!" అని తిడుతూనే నెల రోజులు కూర్చుని చేశాడు. చూసినవాళ్ళు మెచ్చుకుంటే మళ్ళీ తిట్టి, చాటుగా మీసం దువ్వుకున్నాడు.

వాళ్ళతో బస్సెక్కిన మూడోవాడు తండా నుంచి వచ్చిన హీర్యా. తల్లి రామ్లి కుట్టిన అద్దాల గుడ్డను వీపుకు కట్టుకుని రాకుమారుడయ్యాడు. మేళాలో అడుగు పెట్టగానే ఎవరో ఫోటో తీస్తామన్నారని వాళ్ళ వెంట వెళ్ళిపోయాడు.

హాలు నిండా రాక్షసులు, రాకుమారులు, రెక్కల గుర్రాలు. సలీమ్ మాత్రం అట్టకత్తి చంకలో పెట్టుకుని భూతాన్ని ఒక మూలకు నడిపించాడు. అతని ప్రాణం వేరే విషయం మీద ఉంది. బషీర్ చెల్లెలు సఫూరాను చూడడానికి శుక్రవారం బిచ్కుంద నుంచి సంబంధం వాళ్ళు వస్తున్నారు. ఆలోగా యాకూబును అడగకపోతే తనకు మిగిలేది పెళ్ళి బిర్యానీ ఒక్కటే.

"బషీరూ, ఇప్పుడు నువ్వు నోరు తెరువలేవు. చెయ్యి గూడ అల్కగ లేవది. గందుకే చెప్తున్న," అన్నాడు సలీమ్. "మీ సఫూరా అంటే నాకు పానం."

రేకు కిర్రుమంది. సలీమ్ రెండడుగులు వెనక్కి దూకాడు. దెబ్బ మాత్రం పడలేదు.

"యాకూబు చాచా ముంగట నిలబడ్తే నా గొంతు ఎండిపోతది. ఒక్కసారి నువ్వే చాచా అనుకోని అడిగి చూస్త. సరేనా?"

భూతం తలాడించింది. సలీమ్ కాలరు సర్దుకున్నాడు.

"చాచా, నేను సలీమ్. గడియారాలు బాగుజేస్త. తాగుడు లేదు. బీడీ... ఎప్పుడన్న ఒకటి."

భూతం తల అడ్డంగా తిప్పింది.

"సరే, అది గూడ బంద్."

తల నిలువుగా ఊగింది. దాంతో సలీమ్‌కు కొండంత ధైర్యం వచ్చింది.

"మీ ఇంట్ల గోడ గడియారం నాలుగుసార్లు బాగుజేసిన గదా? నిజంగ చెడింది ఒక్కసారే. తర్వాత ప్రతిసారి నేనే ఒక ముల్లు వదులు జేసి వచ్చిన. ఆమె కనవడ్తదని."

భూతం ఒళ్ళంతా డబ్బాలో శనగలు కదిలినట్టు గలగలలాడింది.

"ఆమెకు కోపం జాస్తి, నాకెర్కే. చాయ్ గూడ నీళ్ళ లెక్కనే పెడ్తది. అయినా..."

ఠంగుమని రేకు చెయ్యి నెత్తిమీద పడింది. బొప్పి కట్టినా సలీమ్ నొచ్చుకోలేదు. చెల్లెల్ని ఒక్క మాటన్నా పడనివాడు బావమరిదిగా దొరకాలంటే పెట్టి పుట్టాలి అనుకున్నాడు.

"ఒక్కటి జెప్పు. ఆమెకు నేనంటే... మనసుల ఏమన్న ఉన్నదా? నీకెర్కేనా?"

రేకు తల మెల్లగా, ఒకే ఒక్కసారి కిందికి వంగింది.

సలీమ్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆపుకోలేని సంతోషంతో భూతాన్ని కావలించుకోబోయాడు. అది చటుక్కున వెనక్కి తగ్గింది. రేకు గీరుకుంటుందని కాబోలు అనుకుని ఊరుకున్నాడు.

సాయంత్రం మైకులో ఫలితాలు చెప్పారు. "మొదటి బహుమతి, ఉక్కు భూతం!"

హాలంతా ఈలలు. భూతం ఊగుతూ వేదిక ఎక్కి కప్పు అందుకుంది. పేరేమిటని మైకాయన అడిగితే ఉలకలేదు, పలకలేదు.

"బషీర్! ఎల్లారెడ్డి బషీర్!" కింద నుంచి గొంతు చించుకున్నాడు సలీమ్.

"నేనిక్కడుంటే అక్కడెవడ్రా బషీర్?"

గుమ్మంలో బషీర్ రొప్పుతూ నిలబడి ఉన్నాడు. "రాత్రి మిర్చి బజ్జీలు తిని కడుపు ఖరాబై పొద్దుగాల పండుకున్న. లేచి చూస్తె డ్రెస్ లేదు! ఎవడెత్తుకొచ్చిండు?"

సలీమ్ నెత్తిన పిడుగు పడ్డట్టయింది. ఆ రేకులు ఏది ఎక్కడ తొడగాలో చేసినవాడికి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? బీడీ సంగతి, గడియారం సంగతి, చాయ్ సంగతి, అన్నీ తన నోటితోనే స్వయంగా యాకూబు చెవిన వేశాడు. ఒక్క ఉరుకున వేదిక ఎక్కి భూతం కాళ్ళ మీద పడ్డాడు.

"చాచా! మాఫ్ జెయ్యి చాచా! ముల్లు ఇంకెప్పుడు వదులు జెయ్య!"

బహుమతి చేతికొచ్చింది కాబట్టి ఇక నియమం లేదు. భూతం కప్పును కింద పెట్టి, రెండు చేతులతో రేకు తలను పైకెత్తింది.

నడుము దాకా జడ జారింది.