అడిగి మారుస్తారా?

మా ఆయన రాసిన సాఫ్ట్‌వేర్ కంటిచూపు లేనివాళ్లకు తెర మీది అక్షరాలు చదివి వినిపిస్తుంది. దాన్ని ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, తెలిసినవాళ్లు ఎవరైనా సరిదిద్దవచ్చు. ఇప్పుడది ఆయన ఒక్కరి చేతుల్లో ఇమడనంతగా పెరిగింది. అందుకే ఒక పెద్ద ఫౌండేషన్‌కు అప్పగిస్తున్నారు.

ఫౌండేషన్ పెద్దమనిషి మా ముందుగదిలో కూర్చుని ఆయనకు ధైర్యం చెబుతున్నాడు. "పిల్లను పెద్దింటికి పంపుతున్నాననుకోండి సార్. ఏ లోటూ రానివ్వం. పేరు మారుస్తాం, ఇంకొన్ని మారుస్తాం. మంచీచెడూ మేమే చూసుకుంటాం."

మా ఆయన సంతకానికి పెన్ను తీశారు.

నేను టీ కప్పులు బల్ల మీద పెట్టాను. "అడిగి మారుస్తారా, అడక్కుండానా?" అన్నాను.

"నువ్వు లోపలికెళ్లు," అన్నారాయన మెల్లగా.

"వెళ్తానండీ. దీన్ని వాడేవాళ్లని, సరిదిద్దేవాళ్లని అడిగే మారుస్తామని ముందు కాగితం మీద రాయమనండి. నోటిమాటలు నీటిమూటలు."

పెద్దమనిషి నవ్వాడు. "పెద్దింట్లో పిల్లకేం లోటమ్మా?"

"లోటేం లేదండి. నన్ను ఈ ఇంటికి కోడలిగా తెచ్చినప్పుడూ ఇదే మాటన్నారు. పేరు మార్చారు, బడి మాన్పించారు. ఒక్కటీ నన్నడగలేదు."

మా ఆయన పెన్నుకు మూత పెట్టారు.

నేను లోపలికి వెళ్లలేదు. కుర్చీ లాక్కుని ఆయన పక్కనే కూర్చున్నాను.