కట్టేసిన పిల్ల

“అది పిల్లా, కుక్కపిల్లా?” అని పెద్దావిడ అడిగేసరికి బస్టాండులో ఆ బెంచీ చుట్టూ ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగారు.

అడగడం కూడా మామూలుగా కాదు, తరగతి గదిలో చివరి వరసకి వినిపించేలా అడిగింది. కళ్ళజోడు, చేతిలో గొడుగు, భుజాన సంచి, ఇస్త్రీ నలగని బట్టలు. ఇలాంటివాళ్ళకి జవాబు చెప్పాలంటే ఎవరికైనా నోరెండిపోతుంది.

పిల్లకి రెండున్నరేళ్ళుంటాయి. భుజాల మీంచి ఛాతీకి అడ్డంగా పట్టీలు, వీపు మీద బకిల్, దానికి బారెడు నాడా. నాడా రెండో కొస తల్లి మణికట్టుకి చుట్టి ఉంది. పిల్లకి ఇదేమీ పట్టలేదు. నాడా సాగినంత మేరా తిరుగుతూ బెంచీ కింద చీమలకి ఏవో బుద్ధులు చెబుతోంది.

తల్లి మెల్లగా చెప్పుకొచ్చింది. తను సంచుల దుకాణంలో కుట్టుపని చేస్తుందట. పోయిన నెల ఇక్కడే, బస్సు దిగి సామాను సర్దుకుంటుంటే పిల్ల చెయ్యి విదిలించుకుని, వెనక్కి వస్తున్న బస్సు కిందకి దూరబోయింది. డ్రైవరు అద్దంలో చూశాడు కాబట్టి సరిపోయింది. మర్నాడే స్కూలు సంచి పట్టీలు తీసి, రెండు వరసల కుట్టు వేసి దీన్ని తయారుచేసింది. రెండు పక్కలా ఒకేసారి నొక్కితే తప్ప ఊడని బకిల్ ఏరి మరీ పెట్టింది.

“నాకున్నది ఇదొక్కతే అండీ. ఇంకెవరూ లేరు,” అంది.

పెద్దావిడ కరిగితేనా.

“చెయ్యి పట్టుకోవడానికి బద్ధకమేసి తాడు కట్టావు. పెంచడమంటే ఇదేనా అమ్మాయ్?”

ఇక టీ కొట్టతను ఊరుకుంటాడా. తన అయిదుగురినీ ఏ తాడూ లేకుండానే పెంచానన్నాడు. పెంచిందెవరో వాళ్ళావిడని అడగాలి. గేటు దగ్గరి సెక్యూరిటీ అతను వచ్చి, ఇలా కట్టేస్తే కేసు పెట్టొచ్చని సొంత చట్టమొకటి చదివాడు. ఎవడో ఫొటో తీద్దామని ఫోన్ ఎత్తాడు. పెద్దావిడ చప్పున గొడుగు అడ్డం పెట్టి, ఆడకూతురిని బజారుకీడుస్తావా అని కసిరింది. అంత కోపంలోనూ ఆ మాత్రం దయ ఉన్నందుకు తల్లికి కళ్ళు చెమర్చాయి.

పదిమందిలో మాటపడటం ఆమెకి అలవాటు లేదు. ముఖం కందిపోయింది. వంగి బకిల్ నొక్కింది, పట్టీలు ఊడివచ్చాయి.

“ఇప్పుడు పిల్లలా ఉంది,” అంటూ పెద్దావిడ పక్కనే చతికిలబడింది. అప్పటిదాకా కసిరిన మనిషేనా అనిపించింది. పట్టీలు తీసుకుని తిప్పి తిప్పి చూసి, కుట్టు భలే ఉందని మెచ్చుకుంది. ఏమీ అనుకోకమ్మా, నా నోరే అంత అని, టీ తాగుదువుగాని ఉండు అంటూ వెళ్ళింది. రెండు కప్పులు పట్టుకుని తిరిగి వచ్చేసరికి ఆవిడ సంచి పట్టీ ఒకటి తెగి వేలాడుతోంది.

తెగిన సంచి కనబడితే ఈమె చేతులు ఆగవు. అంచు వేళ్ళతో తడిమి, పీచు లేవలేదే, బ్లేడుతో కోసినట్టుందే అంది. జనంలో ఎవడో కోసుంటాడు, ఈ బస్టాండు నిండా దొంగలే అని పెద్దావిడ నిట్టూర్చింది. తల్లి తన సంచిలోంచి సూదీ దారం తీసింది. పిల్లని మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుంది. మందపు పట్టీ, రెండు చేతులా బలం పెడితే గానీ సూది దిగదు. నాలుగు కుట్లదాకా పిల్ల వీపు మోకాలికి తగులుతూనే ఉంది. ఏడో కుట్టుకి తగల్లేదు.

ఆ తర్వాత జరిగింది చెప్పాలంటే ఒళ్ళు మండుతుంది. తల్లి బెంచీల కింద పాకింది, బస్సుల చక్రాల మధ్య దూరింది, పిలిచి పిలిచి గొంతు పోగొట్టుకుంది. ఇందాకటి జనమే మళ్ళీ మూగింది. అంత పసిదాన్ని ఇంత రద్దీలో వదిలేస్తారా అని టీ కొట్టతనే మొదలెట్టాడు. భేషుగ్గా తాడు ఉంటే విప్పడమెందుకని సెక్యూరిటీ అతను తప్పుపట్టాడు. విప్పమన్నది తామేనని ఒక్కడికీ గుర్తు లేదు.

పెద్దావిడ ఒక్కతే ఒప్పుకుంది. “నా నోరు పడిపోనూ, నేనే విప్పించాను తల్లీ,” అని తల బాదుకుంది. నీలం చొక్కావాడొకడు పిల్లనెత్తుకుని ముందు గేటు వైపు పోతుంటే చూశాననీ, వాడి బిడ్డే అనుకున్నాననీ ఏడ్చింది. అందరూ అటే పరిగెత్తారు.

పోలీసులొచ్చేదాకా, వచ్చాక కూడా, ఆవిడ తల్లి పక్కనుంచి కదల్లేదు. నీళ్ళు తాగించింది. నోరు పారేసుకుంటున్నవాళ్ళని అదిలించింది. పిల్ల ఆనవాళ్ళు, నీలం చొక్కావాడి ఆనవాళ్ళు తనే దగ్గరుండి రాయించింది. చివరికి తన బస్సు వచ్చిందని లేవబోతే తల్లి చెయ్యి వదల్లేదు.

“మీరైనా ఉన్నారమ్మా నాకు,” అంది.

అని, ఏం చేస్తోందో తనకే తెలియకుండా సూది అందుకుని, మిగిలిన మూడు కుట్లూ వేసి, ముడి బిగించి, సంచి ఆవిడ భుజాన తగిలించింది.

పెద్దావిడ కళ్ళు తుడుచుకుంటూ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. బస్సు మలుపు తిరిగాక ఫోన్ మోగింది.

“పిల్లని ఊరు దాటించేశాం, ఇక నువ్వొచ్చెయ్,” అన్నాడు ఆవిడ భర్త.