ముందు పెద్దవాళ్లు

“వెనక్కి తిరిగావంటే కాళ్లు విరగ్గొడతాను. ఇవాళ విషయం తేలిపోవాల్సిందే,” అంది స్నెజానా, కొడుకు చొక్కా కాలర్ సరిచేస్తూ.

పదహారేళ్ల ఒగ్నెన్ అప్పటికే ఒకడుగు వెనక్కి వేశాడు. అమ్మ నొక్కింది కలీనా వాళ్లింటి కాలింగ్ బెల్. నిన్న సాయంత్రం బితోలా రైల్వేస్టేషను వెనక మొదటిసారి చెయ్యి పట్టుకుని నడిచిన కలీనా. ఎవరో చూసి ఇంట్లో చెప్పేసినట్టున్నారు!

తలుపు తీసింది కలీనా తండ్రి ట్రాయ్కో. బస్సు డ్రైవరు. ఆయన గొంతు పెంచితే చివరి సీటులోవాళ్లు కూడా సర్దుకుని కూర్చుంటారు.

“రావయ్యా, రా. నీకోసమే చూస్తున్నాం,” అంటూ వెనక గడియ పెట్టాడు.

బల్ల మీద మాంసం కూరిన మిరపకాయలు పొగలు కక్కుతున్నాయి. ఒగ్నెన్‌ని గోడవైపు కూర్చోబెట్టారు. ఒక పక్క అమ్మ, ఇంకో పక్క ట్రాయ్కో. పారిపోదామన్నా సందు లేదు. ఎదురుగా కలీనా మొహం పాలిపోయి ఉంది.

‘నువ్వు చెప్పావా?’ అన్నట్టు కళ్లెగరేశాడు. లేదని తలూపింది.

“తినవేం? మా వంట నచ్చలేదా?” అన్నాడు ట్రాయ్కో.

“నచ్చింది అంకుల్.”

“నచ్చాలి మరి. ఇకమీదట అలవాటు చేసుకోవాలిగా!”

ఒగ్నెన్ నోట్లో ముద్ద ఆగిపోయింది. అలవాటు చేసుకోవడమా? అమ్మ వైపు చూశాడు. ఆవిడ తల వంచుకుని నవ్వుకుంటోంది. అంటే... ఒప్పుకున్నారా? గుండె ఎగిరి గంతేసింది. మగాడన్నవాడు ఇలాంటప్పుడు దాక్కోకూడదు. కుర్చీ వెనక్కి తోసి లేచాడు.

“అంకుల్, ఈ మాట నేనే చెప్పాలి. నేనూ...”

“కూర్చోరా! ముందు పెద్దవాళ్లని మాట్లాడనివ్వు.”

ట్రాయ్కో రెండు గ్లాసుల్లో రకియా సారా పోశాడు. ఒకటి స్నెజానా చేతికిచ్చాడు. అంత పెద్ద గొంతూ తగ్గించాడు.

“నా భార్య పోయాక ఈ ఇల్లు ఇల్లులా లేదు. మీ నాన్న పోయాక మీ అమ్మ పరిస్థితీ అంతే. అందుకని... వచ్చే నెల మేమిద్దరం పెళ్లి చేసుకుంటున్నాం.”

కలీనా చేతిలోని ఫోర్కు ఖంగున నేలమీద పడింది. స్నెజానా కళ్లు తుడుచుకుంటూ వెళ్లి ఆ పిల్లని గట్టిగా కావలించుకుంది. తర్వాత కొడుకు వైపు తిరిగింది.

“ఏరా, అలా కొయ్యబారిపోయావేం? నీకన్నా రెండు నెలలు పెద్దది. వచ్చి, మీ అక్కకి ముద్దు పెట్టు!”